స్టార్ వైడ్ రిసీవర్ లేకుండా ఆఫెన్స్ నడుస్తుందా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం, కొన్నేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్‌లో కౌబాయ్స్ మ్యాచ్‌లు వదలకుండా చూస్తున్నాం. 2023 సీజన్‌లో మా వైడ్ రిసీవర్ (ముందుకి పరిగెత్తి పాస్ పట్టేవాడు) సీడీ ల్యాంబ్ 135 క్యాచ్‌లు పట్టి 1,749 యార్డులు తెచ్చాడు. అయినా ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే, అదీ సొంత మైదానంలో, ఓడిపోయాం. తమ స్టార్ రిసీవర్ టైరీక్ హిల్‌ని పంపించేసిన చీఫ్స్ మాత్రం వరసగా రెండు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచారు. అసలు ఆఫెన్స్‌కి (బంతి చేతిలో ఉన్న పక్షానికి) స్టార్ వైడ్ రిసీవర్ అవసరమేనా?

జవాబు:

స్టార్ రిసీవర్ లేకుండా సూపర్ బౌల్ గెలవొచ్చు, గెలిచారు కూడా. స్టార్ రిసీవర్ ఉండి అడుగున మిగిలిపోయిన జట్లూ ఉన్నాయి. ఆఫెన్స్‌కి తప్పనిసరిగా కావాల్సింది, అవతలి డిఫెన్స్ ఇద్దరిని కాపలా పెట్టక తప్పని మనిషి ఒకడు. వాడు వైడ్ రిసీవరే కానక్కర్లేదు. అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసే టైట్ ఎండ్ కావచ్చు, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ కావచ్చు, చేత్తోనూ కాళ్లతోనూ యార్డులు తెచ్చే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) కావచ్చు. అలాంటివాడు ఒక్కడూ లేకపోతే మాత్రం ఎంత తెలివైన కోచ్‌కైనా డిసెంబరు వచ్చేసరికి ఎత్తులు అయిపోతాయి.

ముందు తలకాయలు లెక్కపెడదాం, ఎందుకంటే మిగతా విషయమంతా దీనిమీదే నిలబడి ఉంది. ఆఫెన్స్ పదకొండుమందిలో లైన్‌లో ఉండే ఐదుగురికి పాస్ పట్టుకునే హక్కు లేదు. క్వార్టర్‌బ్యాక్‌ని పక్కన పెడితే మిగిలేది ఐదుగురు. ఈరోజుల్లో లీగ్ మొత్తం ఎక్కువగా వాడే కూర్పు ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు వైడ్ రిసీవర్లు. ఆ ముగ్గురి మీదా డిఫెన్స్ ముగ్గురు కార్నర్లని (రిసీవర్లని కాపలా కాసేవాళ్లని) పెడుతుంది. ఆఖరి వరస కాపలాదార్లయిన ఇద్దరు సేఫ్టీలు బాగా వెనక నిలబడ్డారనుకోండి, ఐదుగురు అయిపోయారు. బంతికి దగ్గరగా, అంటే బాక్స్‌లో, మిగిలేది ఆరుగురు. ఆఫెన్స్ వైపు అడ్డుకునేవాళ్లు లైన్ ఐదుగురు, టైట్ ఎండ్ ఒకడు, మొత్తం ఆరుగురు. ఆరుకి ఆరు సరిపోయింది కాబట్టి రన్ పెడితే నాలుగైదు యార్డులు హాయిగా వస్తాయి. ఒక సేఫ్టీ కిందికి దిగాడా, బాక్స్‌లో ఏడుగురవుతారు. అందులో ఒకడికి బ్లాకర్ ఉండడు. రన్నింగ్ బ్యాక్‌ని రెండు యార్డులకే పడగొట్టేది వాడే.

స్టార్ రిసీవర్ విలువ ఆ సేఫ్టీ కాళ్లలో కనిపిస్తుంది. ఆ రిసీవర్‌ని ఒక్క కార్నర్‌కి వదిలేసే ధైర్యం లేనప్పుడు సేఫ్టీ కిందికి దిగలేడు. అప్పుడు రిసీవర్ ఒక్క బంతీ పట్టుకోకపోయినా రన్ సాగుతుంది, అవతలివైపు రెండో రిసీవర్‌కి ఒంటరి కార్నర్ దొరుకుతాడు. క్యాచ్‌లూ యార్డులూ చూసి రిసీవర్‌ని తూచేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు. ఫాంటసీ లీగ్ ఆడేవాళ్లకి ఇది ఇంకా కష్టం, వాళ్లకి క్యాచ్‌కే పాయింట్లు వస్తాయి గానీ సేఫ్టీని వెనక్కి తోసినందుకు రావు.

ఈ విషయాన్ని దగ్గర నుంచి చూడాలంటే ఒకే సీజన్‌లో అవే రెండు జట్లు ఆడిన రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టుకోండి. 2020 నవంబరు 29న టాంపాలో బక్కనీర్స్ మీద చీఫ్స్ ఆడారు. బక్కనీర్స్ హిల్‌ని ఎక్కువగా ఒక్క కార్నర్‌కి అప్పగించారు. మొదటి క్వార్టర్‌లోనే హిల్ 203 యార్డులు తెచ్చాడు, 75 యార్డులది ఒకటి, 44 యార్డులది ఒకటి టచ్‌డౌన్లు (బంతిని ఆఖరి గీత దాటించడం) కొట్టాడు. మ్యాచ్ అయ్యేసరికి 13 క్యాచ్‌లు, 269 యార్డులు, మూడు టచ్‌డౌన్లు. చీఫ్స్ 27-24తో గెలిచారు. సరిగ్గా పది వారాల తర్వాత, 2021 ఫిబ్రవరి 7న, అదే మైదానంలో ఆ రెండు జట్లే సూపర్ బౌల్ ఆడాయి. ఈసారి బక్కనీర్స్ డిఫెన్స్ నడిపే టాడ్ బోల్స్ ఇద్దరు సేఫ్టీలని దాదాపు మ్యాచ్ అంతా వెనకే ఉంచాడు. హిల్‌కి దక్కింది 7 క్యాచ్‌లు, 73 యార్డులు. చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయారు, 31-9తో ఓడారు.

ఇక్కడ మీకు సందేహం రావాలి. ఇద్దరు సేఫ్టీలు వెనక ఉంటే బాక్స్ ఖాళీ అవుతుంది కదా, చీఫ్స్ ఆ ఖాళీని ఎందుకు వాడుకోలేకపోయారు? జవాబు లైన్‌లో ఉంది. లైన్ రెండు చివర్లా నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే మొదటి వరస ట్యాకిళ్లు, ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్, ఇద్దరూ గాయాలతో బయట ఉన్నారు. బక్కనీర్స్ బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు మనుషుల్ని పంపడం) జోలికి పెద్దగా పోకుండా నలుగురితోనే చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని చుట్టుముట్టారు. నలుగురితో పని అయిపోతే వెనక కాపలాకి ఏడుగురు మిగులుతారు. మహోమ్స్ మీద ఆ రోజు 29 సార్లు ఒత్తిడి పడింది, సూపర్ బౌల్‌లలో అదే ఎక్కువ. ఏ రిసీవర్ అయినా 40 యార్డుల లోతుకి చేరాలంటే నాలుగు సెకన్లకి పైగా పడుతుంది, కుడి ట్యాకిల్ రెండు సెకన్లకే ఓడిపోతుంటే ఆ వేగం దేనికి పనికొస్తుంది?

అందుకే జట్టు కట్టేటప్పుడు రిసీవర్ కన్నా ముందు ఇద్దరు ట్యాకిళ్లు అంటాను. 2007 పేట్రియట్స్‌కి రాండీ మాస్ ఉన్నాడు. ఆ సీజన్‌లో 23 టచ్‌డౌన్ క్యాచ్‌లు పట్టాడు, అది రికార్డు. జట్టు 589 పాయింట్లు చేసి 16 మ్యాచ్‌లూ గెలిచింది. సూపర్ బౌల్‌లో జెయింట్స్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని ఐదుసార్లు పడగొట్టారు, పేట్రియట్స్ 14 పాయింట్ల దగ్గర ఆగిపోయి ఓడిపోయారు. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో చీఫ్స్ కొత్త రిసీవర్ జేవియర్ వర్తీ 157 యార్డులు తెచ్చాడు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. మహోమ్స్ ఆరుసార్లు సాక్ అయ్యాడు (బంతి విసరకముందే పడగొట్టారు), విరామానికే 24-0, చివరికి 40-22తో ఈగల్స్ గెలిచారు.

రిసీవర్ అంకెలకీ జట్టు గెలుపుకీ పొత్తు కుదరని సీజన్లు మరో రెండు చెప్తాను. 2012లో కాల్విన్ జాన్సన్ 1,964 యార్డులు తెచ్చి రికార్డు పెట్టాడు, లయన్స్ 4 గెలిచి 12 ఓడారు. 2024లో జమార్ చేజ్ క్యాచ్‌ల్లో, యార్డుల్లో, టచ్‌డౌన్లలో మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడు (127, 1,708, 17), బెంగాల్స్ 9-8తో ప్లేఆఫ్స్‌కే రాలేదు. వాళ్లిద్దరి ఆటలో లోపం లేదు. వెనకబడ్డ జట్టు మ్యాచ్ రెండో సగమంతా పాస్‌లే విసరాల్సి వస్తుంది, కాబట్టి ఓడుతున్న జట్టులో రిసీవర్ అంకెలు పెరగడం వింతేమీ కాదు. కబడ్డీ చూసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60.5 లక్షలకి కొన్నారు, అప్పటికి అదే రికార్డు ధర. రైడర్ పాయింట్లు తెచ్చాడు, జట్టు మాత్రం పట్టికలో చివరన నిలిచింది. డిఫెన్స్ లేకపోతే తెచ్చిన పాయింట్లు తెచ్చినట్టే పోతాయి.

ఇంతవరకు చదివి "అయితే స్టార్ దండగ" అనుకోకండి. ఒక సందర్భంలో స్టార్ రిసీవర్ మీద పెట్టిన ప్రతి డాలరూ, ఇచ్చిన ప్రతి డ్రాఫ్ట్ పిక్కూ (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే వంతు) గిట్టుబాటే. మీ క్వార్టర్‌బ్యాక్ కుర్రవాడు, ప్రతిభ ఉంది గానీ ఇంకా కుదురుకోలేదు, అదీ ఆ సందర్భం. 2019లో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ పాస్‌లలో చేరినవి 58.8 శాతం. 2020 మార్చిలో బిల్స్ మొదటి రౌండు 22వ పిక్‌తో పాటు మరికొన్ని పిక్‌లు ఇచ్చి స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో ఆలెన్ 69.2 శాతానికి వెళ్లాడు, డిగ్స్ 127 క్యాచ్‌లు, 1,535 యార్డులతో రెండింట్లోనూ లీగ్‌లో మొదటివాడు. ఈగల్స్ కథా అంతే. 2022 డ్రాఫ్ట్ రాత్రి 18వ, 101వ పిక్‌లు ఇచ్చి రిసీవర్ ఏజే బ్రౌన్‌ని తెచ్చారు, క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్ 61.3 నుంచి 66.5 శాతానికి ఎక్కాడు, జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లింది.

ఎందుకిలా జరుగుతుందంటే, కుర్ర క్వార్టర్‌బ్యాక్‌కి వచ్చే మొదటి జబ్బు బంతి పట్టుకుని ఆలోచిస్తూ నిలబడటం. రిసీవర్ ఖాళీ అయ్యాడని కళ్లతో చూశాక విసురుతాడు, ఈలోపు ఆ ఖాళీ మూసుకుపోతుంది. ఒంటి కాపలాని ఖచ్చితంగా ఓడించే రిసీవర్ ఉంటే అతను నిర్ణయం స్నాప్‌కి (బంతి ఆటలోకి రావడానికి) ముందే తీసుకోగలడు: అక్కడ సేఫ్టీ లేడు, బంతి అటే. చదవాల్సిన కాపలా సగానికి తగ్గుతుంది. పైగా విసురు ఒక అడుగు అటూ ఇటూ అయినా అలాంటి రిసీవర్ సర్దుకుని పట్టుకుంటాడు. కుర్రవాడికి నమ్మకం వస్తుంది, రెండేళ్లలో రెండో రిసీవర్‌నీ మూడో రిసీవర్‌నీ చూడటం నేర్చుకుంటాడు.

బ్రౌన్‌ని అమ్ముకున్న టెన్నెసీ టైటన్స్ ఏమయ్యారో కూడా చూడాలి. 2021లో 12-5, 2022లో 7-10. ఆ డిసెంబరులో బ్రౌన్ పాత జట్టు మీదే రెండు టచ్‌డౌన్లు చేశాడు, ఈగల్స్ 35-10తో గెలిచారు, రెండు రోజులకి టైటన్స్ జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది. హిల్‌ని అమ్మి చీఫ్స్ బతికారు కాబట్టి మేమూ బతుకుతాం అనుకోవడం పెద్ద పొరపాటు. చీఫ్స్‌కి మహోమ్స్ ఉన్నాడు, ట్రావిస్ కెల్సీ ఉన్నాడు. 2022లో కెల్సీ 110 క్యాచ్‌లు, 1,338 యార్డులు, 12 టచ్‌డౌన్లు. డిఫెన్స్ ఇద్దరిని కేటాయించాల్సిన మనిషి వాళ్ల జట్టులో టైట్ ఎండ్ స్థానంలో ఉన్నాడు. టైటన్స్‌కి అలా పాస్ పట్టేవాడు ఇంకొకడు లేడు.

రిసీవర్ డవాంటే ఆడమ్స్ వ్యవహారం రెండువైపులా పాఠం చెప్తుంది. 2022 మార్చిలో ప్యాకర్స్ అతన్ని రెయిడర్స్‌కి ఇచ్చి 22వ, 53వ పిక్‌లు తీసుకున్నారు. రెయిడర్స్ దగ్గర ఆడమ్స్ 100 క్యాచ్‌లు, 1,516 యార్డులు, 14 టచ్‌డౌన్లు చేశాడు. జట్టు 10-7 నుంచి 6-11కి పడిపోయింది. ప్యాకర్స్ 13-4 నుంచి 8-9కి పడ్డారు, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ల చేతికి చిక్కిన పాస్‌లు) 4 నుంచి 12కి పెరిగాయి (బొటనవేలు విరిగి ఉంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి). ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లో మొదటి ప్లేకే రాడ్జర్స్ కొత్త కుర్రవాడు క్రిస్టియన్ వాట్సన్‌కి లోతుగా విసిరాడు. ముందు ఎవరూ లేరు, 75 యార్డుల టచ్‌డౌన్, బంతి చేతుల్లో పడి జారిపోయింది. స్టార్ వెళ్లిపోయిన మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఆ ఒక్క ప్లే చెప్తుంది. ట్రేడ్‌లో వచ్చిన పిక్‌లు పండటానికి కనీసం ఒక ఏడాది పడుతుంది.

ఆ ప్యాకర్స్ కుర్రాళ్లే 2024 జనవరి 14న మీ ఊరికి వచ్చి 48-32తో గెలిచారు. మీ ప్రశ్నకి మూలం ఆ మ్యాచే కాబట్టి కాస్త ఆగుదాం. ప్యాకర్స్‌లో ఆ సీజన్‌లో ఎక్కువ యార్డులు తెచ్చిన జేడెన్ రీడ్‌వి 793 మాత్రమే, వెయ్యి దాటినవాడు ఒక్కడూ లేడు. డాలస్‌లో మాత్రం ఆరన్ జోన్స్ మూడు రన్ టచ్‌డౌన్లు చేశాడు, రోమియో డబ్స్ 151 యార్డులు తెచ్చాడు. రన్ ఆపడానికి కౌబాయ్స్ ముందుకి తోసుకొస్తుంటే వెనక మధ్యలో ఖాళీలు ఏర్పడ్డాయి, ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ జార్డన్ లవ్ ప్లే యాక్షన్‌తో (రన్ అన్నట్టు నటించి పాస్ విసరడం) ఆ ఖాళీల్లోకే విసిరాడు. ల్యాంబ్‌కీ 110 యార్డులు వచ్చాయి. కానీ అప్పటికే 27-0. వెనకబడ్డ జట్టుకి రన్ ఉండదు, రన్ లేకపోతే సేఫ్టీకి భయం ఉండదు, ల్యాంబ్ చుట్టూ మనుషులు పోగవుతారు. ఓటమికి కారణం ల్యాంబ్ కాదు, అతని పక్కన ఇంకేదీ నడవకపోవడం.

ఇక స్టార్ లేకుండా ఆఫెన్స్ నడపాలంటే ఏం చేస్తారు? ముందు ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలుసుకోవాలి. రిసీవర్లలో ఎక్స్ అనేవాడు సరిగ్గా బంతి ఉన్న గీత మీద నిలబడతాడు. ఎదురుగా కార్నర్ ఒక యార్డు దూరంలో నిలబడి మొదటి ఐదు యార్డుల లోపల చేతులతో తోయొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. దీన్నే ప్రెస్ అంటారు. క్వార్టర్‌బ్యాక్ ఐదు అడుగులు వెనక్కి వేసి విసిరే పాస్ రెండున్నర సెకన్లలోపు చెయ్యి దాటాలి. ప్రెస్ దగ్గర రిసీవర్ అర సెకను ఆగాడంటే క్వార్టర్‌బ్యాక్ విసరాల్సిన క్షణానికి అతను రూట్‌లో మలుపు దగ్గరికే చేరడు. స్టార్ ఎక్స్ ఈ ప్రెస్‌ని చేతులతోనో కాళ్లతోనో తనే వదిలించుకుంటాడు. సాధారణ రిసీవర్‌కి ఆ పని కోచ్ చేసిపెట్టాలి.

అందుకు వాడే ఉపాయాలు మూడు నాలుగున్నాయి. ఇద్దరు రిసీవర్లని ఒకరి వెనక ఒకరిని నిలబెడతారు, దీన్ని స్టాక్ అంటారు. వెనకవాడిని ప్రెస్ చేయడం కుదరదు, ముందువాడు అడ్డుగా ఉంటాడు. ముగ్గురిని గుంపుగా నిలబెడితే అది బంచ్. ఎవరు లోపలికి, ఎవరు బయటికి వెళ్తారో తేల్చుకునేలోపు డిఫెన్స్‌లో ఇద్దరు ఒకరినొకరు గుద్దుకుంటారు. ఇంకొకటి మోషన్. గీతకి ఒక యార్డు వెనక నిలబడే రిసీవర్‌ని స్నాప్‌కి ముందు పక్కకి నడిపిస్తారు. డిఫెండర్ అతని వెంట పరిగెత్తితే ఒంటి కాపలా, అక్కడే ఉండి జరిగి సర్దుకుంటే జోన్, అంటే మనిషిని కాక చోటుని కాపలా కాయడం. క్వార్టర్‌బ్యాక్‌కి ప్రశ్నాపత్రం ముందే చేతికి వచ్చినట్టు.

2023 ఫిబ్రవరి 12 సూపర్ బౌల్‌లో ఈ మోషన్‌తోనే చీఫ్స్ రెండు టచ్‌డౌన్లు చేశారు. నాలుగో క్వార్టర్, బంతి ఈగల్స్ 5 యార్డుల గీత మీద ఉంది. కడారియస్ టోనీ కుడి అంచు నుంచి లోపలికి పరుగు మొదలుపెట్టాడు. ఆ సీజన్‌లో చీఫ్స్ రిసీవర్లు ఇలా పరిగెత్తితే చాలాసార్లు అవతలి అంచుదాకా వెళ్లేవారు. ఈగల్స్ డిఫెండర్లు కూడా అదే అనుకుని, వాడు మన చేతి కింద లేడు, అవతలివాడు చూసుకుంటాడని బరువు లోపలికి వేశారు. టోనీ లైన్ చివరికి రాగానే కాలు నాటి వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు, సరిగ్గా అప్పుడే స్నాప్ పడింది. మహోమ్స్ విసిరేటప్పటికి టోనీకి చుట్టుపక్కల ఒక్కడూ లేడు, నడిచి లోపలికి వెళ్లినా సరిపోయేది. కాసేపటికి అవతలి అంచున, 4 యార్డుల నుంచి, స్కై మోర్ అదే ప్లేతో టచ్‌డౌన్ చేశాడు. ఇద్దరూ స్టార్లు కాదు. మహోమ్స్ ఆ రోజు మొత్తం విసిరింది 182 యార్డులే, జట్టు చేసింది 38 పాయింట్లు. ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి: ఆ సీజన్‌లో 70 సాక్‌లు చేసిన ఈగల్స్, ఆ రాత్రి మహోమ్స్‌ని ఒక్కసారీ పడగొట్టలేకపోయారు. లైన్ నిలబడింది కాబట్టే ఎత్తులు పారాయి.

కానీ ఈ దారికి వెల ఉంది. స్టార్ లేని ఆఫెన్స్ చిన్న చిన్న అడుగులతో నడవాలి. 75 యార్డులు వెళ్లాలంటే దారిలో రెండు మూడు థర్డ్ డౌన్‌లు (పది యార్డులు తెచ్చుకోవడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) తగులుతాయి. లీగ్‌లో థర్డ్ డౌన్ గట్టెక్కేది సుమారుగా వందకి నలభైసార్లు. ఒక థర్డ్ డౌన్ దాటితే సరిపోయే డ్రైవ్ (బంతి చేతికొచ్చాక సాగే దాడి) నలభై శాతం బతుకుతుంది. రెండు వరసగా దాటాలంటే పదహారు శాతం. మూడయితే ఆరు శాతం చిల్లర. ఒక్క 40 యార్డుల క్యాచ్ ఆ థర్డ్ డౌన్‌లలో రెండింటిని దారిలోంచి తీసేస్తుంది. పెద్ద ప్లే చేయగల రిసీవర్‌కి అంత డబ్బు ఎందుకిస్తారో ఈ లెక్కలోనే ఉంది. పైగా పన్నెండు ప్లేల డ్రైవ్ అంటే తప్పు జరగడానికి పన్నెండు అవకాశాలు: ఒక హోల్డింగ్ పెనాల్టీ, ఒక జారిన బంతి, కథ ముగుస్తుంది.

2023 చీఫ్స్ ఈ వెల కట్టారు. సెప్టెంబరు 7న లయన్స్ మీద టోనీ చేతుల్లోంచి జారిన బంతి లయన్స్ డిఫెండర్ బ్రయన్ బ్రాంచ్ చేతిలో పడి 50 యార్డుల టచ్‌డౌన్ అయింది, మ్యాచ్ 21-20తో పోయింది. నవంబరు 20న ఈగల్స్ మీద చివరి రెండు నిమిషాల్లో రిసీవర్ వాల్డెజ్-స్కాంట్లింగ్ చేతుల్లోంచి గెలిపించే టచ్‌డౌన్ జారింది, 21-17తో ఓడారు. 2022లో 496 పాయింట్లతో లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న ఆఫెన్స్, 2023లో 371కి దిగింది. ఆ రెండో కప్పు తెచ్చింది ముఖ్యంగా డిఫెన్స్. ఆ డిఫెన్స్‌లో ఆల్-ప్రో (లీగ్‌లో ఉత్తముల జాబితా) అయిన కార్నర్ ట్రెంట్ మెక్‌డఫీ ఎలా వచ్చాడంటే, హిల్‌కి బదులు వచ్చిన ఐదు పిక్‌లలో మొదటిదైన 29వ పిక్‌కి మరికొన్ని కలిపి పైకి జరిగి 21వ స్థానంలో అతన్ని తీసుకున్నారు. హిల్‌ని వదిలేసి గెలిచారు అనడం సగం నిజమే. హిల్‌ని మంచి ధరకి అమ్మి, ఆ సొమ్ముతో డిఫెన్స్ కట్టుకుని గెలిచారు.

వెల కట్టకుండా గట్టెక్కినవాళ్లు 2024 బిల్స్. డిగ్స్‌ని టెక్సన్స్‌కి పంపారు, అతని పాత ఒప్పందం వల్ల 3.1 కోట్ల డాలర్లు వృథాగా క్యాప్ (జట్టు జీతాల పరిమితి) మీద పడ్డాయి. 25.54 కోట్ల క్యాప్‌లో అది దాదాపు 12 శాతం. అయినా జట్టు 525 పాయింట్లు చేసింది, డిగ్స్ ఉన్న ముందు సీజన్‌లో చేసింది 451. అందరికన్నా ఎక్కువ యార్డులు తెచ్చిన ఖలీల్ షకీర్‌వి 821. మరి ఎలా? లైన్ ఆలెన్‌ని సీజన్ మొత్తంలో 14 సాక్‌లకి పరిమితం చేసింది. జట్టు బంతి పోగొట్టుకున్నది 8 సార్లే. రన్నింగ్ బ్యాక్ జేమ్స్ కుక్ 16 రన్ టచ్‌డౌన్లు చేశాడు. డిఫెన్స్ ఇద్దరిని కేటాయించాల్సిన మనిషి ఆలెనే, కాబట్టి వెనక మనుషులు సరిపోలేదు. 2020లో డిగ్స్ ఆలెన్‌ని పెంచాడు, 2024కి ఆలెన్‌కి డిగ్స్ అక్కర్లేకపోయాడు. రెండు నిర్ణయాలూ వాటి వాటి కాలానికి సరైనవే.

డబ్బు సంగతి తేల్చేద్దాం. 2025 మార్చిలో చేజ్ కొత్త ఒప్పందం ఏడాదికి 4.025 కోట్ల డాలర్లు. ఆ ఏడాది క్యాప్ 27.92 కోట్లు. అంటే సగటున చూస్తే యాభై ముగ్గురి జీతాల్లో ఏడో వంతు ఒక్కడికి. క్వార్టర్‌బ్యాక్ ఇంకా రూకీ ఒప్పందంలో (కొత్తగా వచ్చినవాడి తక్కువ జీతం) ఉన్నప్పుడు ఈ భారం మోయొచ్చు. ఈగల్స్ బ్రౌన్‌కి నాలుగేళ్లకి 10 కోట్లు ఇచ్చినప్పుడు హర్ట్స్ రెండో రౌండు రూకీ జీతంలోనే ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్ కూడా పెద్ద ఒప్పందంలోకి వెళ్లాక మూడో పెద్ద చెక్కు ట్యాకిల్‌కే వెళ్లాలి, రిసీవర్‌ని డ్రాఫ్ట్ నుంచి తెచ్చుకోవాలి. దొరకరనే భయం అక్కర్లేదు. కూపర్ కప్ 2017లో 69వ పిక్, అమాన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో 112వ పిక్, పూకా నకూవా 2023లో 177వ పిక్. నకూవా మొదటి సీజన్‌లోనే 1,486 యార్డులు తెచ్చాడు. డిగ్స్‌ని అమ్మిన వైకింగ్స్ ఆ 22వ పిక్‌తో జస్టిన్ జెఫర్సన్‌ని తీసుకున్నారు, అతను మొదటి ఏడాదే 1,400 యార్డులు తెచ్చాడు. ఎడమ ట్యాకిళ్లు ఇలా నాలుగో రౌండులో, ఐదో రౌండులో దొరకడం చాలా అరుదు.

స్టార్ రిసీవర్ అవసరం లేదని నేను గట్టిగా అనలేకపోవడానికి ఒక డ్రైవ్ కారణం. 2022 ఫిబ్రవరి సూపర్ బౌల్, బెంగాల్స్ 20, రామ్స్ 16, ఆరు నిమిషాల చిల్లర మిగిలింది. రాబర్ట్ వుడ్స్ నవంబరు నుంచీ లేడు, ఓడెల్ బెకమ్ ఆ మ్యాచ్ రెండో క్వార్టర్‌లో మోకాలు పట్టుకుని వెళ్లిపోయాడు, మొదటి వరస టైట్ ఎండ్ టైలర్ హిగ్బీ కూడా లేడు. రన్ అసలు సాగడం లేదు. మిగిలింది కూపర్ కప్ ఒక్కడే, ఆ సంగతి స్టేడియం మొత్తానికి తెలుసు. ఫోర్త్ డౌన్, ఒక యార్డు కావాలి. కప్‌ని మోషన్‌లో రప్పించి బంతి చేతికే ఇచ్చారు, ఏడు యార్డులు పరిగెత్తాడు. అక్కణ్నుంచి మాథ్యూ స్టాఫర్డ్ మళ్లీ మళ్లీ అతనికే విసిరాడు. ఒకటి అతనివైపు చూడకుండానే విసిరాడు, తన చూపుతో మధ్య డిఫెండర్‌ని పక్కకి లాగి. 15 ప్లేలు, 79 యార్డులు, చివరి ఒక యార్డు కూడా కప్‌కే, 23-20. చుట్టూ అన్నీ కూలిపోయిన రోజున ఇద్దరు కాపలా ఉన్నా బంతి పట్టేవాడు కావాలి. అలాంటి రోజు సీజన్‌కి ఒకటో రెండో వస్తాయి, అవి ఎక్కువగా జనవరిలోనే వస్తాయి.

మీ జట్టు సంగతి మీరే తేల్చుకోవాలంటే వచ్చే మ్యాచ్‌లో క్యాచ్‌లు లెక్కపెట్టడం మానేసి మూడు చోట్ల చూడండి. స్నాప్‌కి ముందు సేఫ్టీలు ఎంతమంది వెనక ఉన్నారు? ల్యాంబ్ ఉన్నవైపు ఒకడు వాలి ఉంటే అతను తన జీతం సంపాదించేశాడు, ఆ ప్లేలో రన్ ఎన్ని యార్డులు వచ్చిందో చూడండి. రెండుకి మించి రాకపోతే లోపం లైన్‌లో ఉంది. తర్వాత, థర్డ్ డౌన్‌లో ఏడు యార్డులకి పైగా కావాల్సినప్పుడు బంతి ఎవరివైపు వెళ్తోంది? ప్రతిసారీ ఒక్కడివైపే అయితే అవతలి కోచ్ కూడా అది రాసుకునే ఉంటాడు. చివరిది, క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే నోట్లో "ఒకటి, రెండు, మూడు" అనుకోండి. మూడు అనేలోపే అతను కాళ్లు కదిపి పారిపోతుంటే, ఆ ఏడాది మొదటి రౌండు పిక్‌తో రిసీవర్‌ని తీసుకోమని అడగకండి.